ఇంగ్లీషు లిటరేచర్ చదివి ఏం చేస్తావు?

(శ్రీకాకుళంలో డిగ్రీ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం)

పెద్దలకు నమస్కారం. పిల్లలూ, కూర్చోండి.

"ఇంగ్లీషు లిటరేచరా? అది చదివి ఏం చేస్తావు?" మా నాన్న నన్ను అడిగిన మాట ఇది. పొలం మీద వచ్చిందాంతో ముగ్గురిని చదివించిన మనిషి. అడిగే హక్కు ఆయనకుంది. మీ ఇళ్లలోనూ అడుగుతారు, జవాబు మీ దగ్గర ఉండాలి.

ముందు అందరికీ తెలిసిన దారి. హైస్కూల్లో ఇంగ్లీషు టీచరు కావాలంటే డిగ్రీ తర్వాత ఇంగ్లీషు మెథడాలజీతో బీఈడీ, టెట్, డీఎస్సీ. కాలేజీలో చెప్పాలంటే ఎంఏలో 55 శాతం, రిజర్వేషన్ ఉంటే 50 శాతం, ఆపైన అర్హత పరీక్ష, అంటే జాతీయ స్థాయిలో నెట్ లేదా రాష్ట్ర స్థాయిలో సెట్. నెట్‌లో మూడు గంటల్లో 150 ప్రశ్నలు. తప్పు రాస్తే మార్కులు కొయ్యరు, కాబట్టి ఏదీ వదలకండి. ఎంఏకి విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ, హైదరాబాదులో ఇఫ్లూ, అంటే ఇంగ్లీషు, విదేశీ భాషల యూనివర్సిటీ ఉన్నాయి. సివిల్స్ రాసేవాళ్లకి ఇంగ్లీషు సాహిత్యం ఆప్షనల్‌గా ఉంది, 500 మార్కులు.

ఇవన్నీ ఫోనులో దొరికే సంగతులే. నాకు అసలు చెప్పాలనున్నది వేరు.

డిగ్రీ మొదటి ఏడాది నేను నాటకం చదవలేదు, గైడు చదివాను. మార్కులు బాగానే వచ్చాయి. ఎంఏలో ఒక మేడం షేక్‌స్పియర్ నాటకం "కింగ్ లియర్" తెరిచి ఒకే ఒక్క మాట దగ్గర ఆగిపోయారు. ముసలి రాజు రాజ్యం పంచుతూ, నీ ప్రేమ గురించి ఏం చెప్తావని చిన్న కూతుర్ని అడుగుతాడు. ఆ అమ్మాయి "నథింగ్" అంటుంది. "దీన్ని తెలుగులో చెప్పు" అన్నారు మేడం. "ఏమీ లేదు" అన్నాను. "ఏమీ లేదా, చెప్పడానికేమీ లేదా?" అని అడిగారు. మొదటిదైతే ప్రేమే లేనట్టు వినిపిస్తుంది. రెండోదైతే ప్రేమ ఉంది, దాన్ని పొగడ్తగా అమ్మడం ఇష్టం లేదు. ఆ గంటంతా ఆ ఒక్క మాట మీదే గడిచింది. నా గైడులో ఆ ప్రశ్న లేదు.

ఒక మాట దగ్గర అలా ఆగడం వచ్చినవాళ్లకే పని ఉంటుంది. పుస్తకాల ఎడిటింగ్, సబ్‌టైటిల్స్, పత్రిక, కంపెనీల్లో టెక్నికల్ రైటింగ్ అన్నిటికీ అదే కావాలి. తర్వాత లా చదివితే, చట్టంలో ఒక్క మాట మీద కేసు నిలబడుతుంది. స్పోకెన్ ఇంగ్లీషు ఆరు నెలల్లో నేర్చుకోవచ్చు. ఇది మాత్రం చదవగా చదవగా వచ్చేది.

ఇంకొకటి, మన ఊరి సంగతి. కథా రచయిత కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో ఇక్కడే తెలుగు కథల లైబ్రరీ, కథానిలయం పెట్టారు. అక్కడ వేల కథలున్నాయి. ఇంగ్లీషులోకి వెళ్లినవి కొన్నే. ఈ జిల్లాలోనే పుట్టిన గిడుగు రామమూర్తిగారు సవర గిరిజనుల భాష నేర్చుకుని, సవర-ఇంగ్లీషు నిఘంటువు తయారుచేశారు. ఇంగ్లీషు వచ్చిన మనిషి తన చుట్టూ ఉన్న భాషకి ఏం చెయ్యగలడో చూడండి.

అనువాదం ఒక్కదాంతో ఇల్లు గడవడం కష్టం, అది నిజం. ఉద్యోగం చూసుకోండి, దాంతోపాటు ఇది చెయ్యండి. మన యాసలో "ఏమిటి"కి బదులు వాడే "ఏటి" అన్న మాటని ఇంగ్లీషులో ఎలా పెడతారో తేల్చాల్సింది మీరే. బయటివాళ్లకి అది వినిపించదు.

నేను రేపు సాయంత్రం దాకా ఊళ్లోనే ఉంటాను. కథానిలయంలో ఒక కథ తీసి, మొదటి పేజీ ఇంగ్లీషులో రాసి తెండి. తప్పులుంటే ఉండనివ్వండి. కూర్చుని చూద్దాం.