గేటు మూసేలోపు ప్రెట్జెల్: క్యూలో నిలబడాలా, వద్దా?

(విజయవాడ స్టూడియోలో జరిగిన చర్చ. పాల్గొన్నవారు: విమానాశ్రయ ఫుడ్ కౌంటర్ల నిర్వాహకురాలు, గుంటూరు బేకరీ మాస్టారు, ఆహార నిపుణురాలు)

యాంకర్: గన్నవరంలో ఎక్కి, ఢిల్లీలో మారి, అమెరికాలో దిగి, మళ్లీ ఇంకో ఫ్లైటు కోసం పరుగు. మన వైపు నుంచి పిల్లల దగ్గరికి వెళ్లే పెద్దవాళ్ల ప్రయాణం ఇలాగే ఉంటుంది. మధ్యలో ఆకలి. ఎదురుగా వెన్న వాసన కొడుతున్న ప్రెట్జెల్ కౌంటరు (పిండిని తాడులా సాగదీసి, ముడిలా మెలి తిప్పి, పైన ఉప్పు చల్లి కాల్చే రొట్టె), దాని ముందు బారెడు క్యూ. మేడమ్, ఏం చేయాలి?

నిర్వాహకురాలు: ముందు బోర్డింగ్ పాస్ తీసి చూడండి. మన దేశంలో మామూలుగా బయల్దేరడానికి 25 నిమిషాల ముందే గేటు మూసేస్తారు. అమెరికా లోపలి ఫ్లైట్లకు 15 నిమిషాల ముందు గేటు దగ్గర ఉండమంటారు. గేటు వరకు నడక కూడా కలుపుకొని ఇంకో అరగంట మిగిలితేనే క్యూ. తర్వాత కౌంటరు వెనక్కి చూడండి. పిండి తాళ్లలా సాగదీస్తూ, ట్రేలు ఓవెన్‌లోకి వెళ్తుంటే ఆ క్యూకి అర్థం ఉంది. అద్దాల పెట్టెలో పేర్చినవి మాత్రమే కనిపిస్తుంటే ఆలోచించుకోండి.

యాంకర్: పెట్టెలో ఉన్నవి పాతవని ఎలా తెలుస్తుంది?

మాస్టారు: ఉప్పు చెప్పేస్తుందండీ. తాజాదాని మీద ఉప్పు రాళ్లు తెల్లగా, పొడిగా నిలబడి ఉంటాయి. అరగంట దాటాక లోపలి ఆవిరి పైకొస్తుంది, ఉప్పు ఆ తడిని పీల్చి కరుగుతుంది. రాళ్లు ఉండాల్సిన చోట తడి మచ్చలు, పైపొర మీద ముడతలు కనబడతాయి. ఇంకా ఆలస్యమైతే లైటు వేడికి మెలి తిప్పిన సన్నటి కొసలు, అంటే ప్రెట్జెల్ చేతులు, ముందు ఎండిపోతాయి, కింది లావు భాగం మాత్రం మెత్తగానే ఉంటుంది. అందుకని చూస్తే ఆ చేతులు చూడాలి. చిన్న ముక్కలుగా అమ్మేవైతే ఇంకా తొందరగా గట్టిపడతాయి.

నిర్వాహకురాలు: "తర్వాతి ట్రే ఎప్పుడు వస్తుంది?" అని అడగడానికి మొహమాటం వద్దు. ఐదు నిమిషాలంటే ఆగండి. కొన్నాక కవరు మూతి మడవకండి, ఆవిరి లోపలే తిరిగి మొత్తం తడిసిపోతుంది.

యాంకర్: మాస్టారూ, ఆ ముదురు గోధుమ రంగు ఎలా వస్తుంది? మన బన్నుకు రాదే.

మాస్టారు: కాల్చే ముందు క్షారం నీళ్లలో ముంచుతారు. జర్మన్ పద్ధతిలో 3, 4 శాతం కాస్టిక్ సోడా ద్రావణం. 1988లో పెన్సిల్వేనియాలో మొదలైన ఆంటీ యాన్స్ లాంటి మాల్ దుకాణాల్లో తినే సోడా కలిపిన గోరువెచ్చని నీళ్లు. క్షారం తగిలితే పైపొరలోని ప్రోటీను, చక్కెర త్వరగా ఎర్రబడతాయి, ఆ ప్రత్యేకమైన రుచీ అక్కడే పుడుతుంది.

కాలర్ (బ్రాడీపేట, గుంటూరు): మాస్టారూ, ఇంట్లో చేస్తే పైన తెల్లగా, బన్నులాగే వస్తోందండీ.

మాస్టారు: సోడా తక్కువ పడి ఉంటుందమ్మా, లేదా బేకింగ్ పౌడర్ వేసుంటారు. అది పనికిరాదు. అరకిలో మైదాకి 280 మిల్లీలీటర్ల నీళ్లు, 7 గ్రాముల ఇన్‌స్టంట్ ఈస్టు, 9 గ్రాముల ఉప్పు, 15 గ్రాముల పంచదార, 30 గ్రాముల వెన్న. పది నిమిషాలు గట్టిగా పిసకండి. మే నెలలో అయితే చల్లటి నీళ్లే పోయండి, లేకపోతే పిండి చూస్తుండగానే పొంగి పుల్లబడుతుంది. ఆరు ఉండలు చేసి, ఒక్కోదాన్ని రెండడుగుల తాడులా సాగదీయండి. సాగకుండా వెనక్కి లాగేస్తుంటే ఐదు నిమిషాలు వదిలేయండి, బలవంతం చేస్తే తెగుతుంది. మెలి తిప్పాక చివరలు గట్టిగా అదమండి, నీళ్లలో విడిపోయేది అక్కడే. లీటరు మరిగే నీళ్లకు 60 గ్రాముల తినే సోడా, ఒక్కొక్కటీ 20, 30 సెకన్లు. గిన్నె స్టీలుదే వాడండి, అల్యూమినియం నల్లబడుతుంది. తీసి నీరు ఓడ్చి, రాళ్లుప్పు చల్లి, 230 డిగ్రీల్లో 12 నుంచి 14 నిమిషాలు. కాస్టిక్ సోడా జోలికి మాత్రం ఇంట్లో వెళ్లొద్దు, చేతులు కాలతాయి.

యాంకర్: శాకాహారులు, బీపీ ఉన్నవాళ్లు?

ఆహార నిపుణురాలు: మామూలు ప్రెట్జెల్‌తో సాధారణంగా ఇబ్బంది ఉండదు, కానీ ఓసారి అడగండి. జర్మనీలో కొన్నిచోట్ల పంది కొవ్వు కలుపుతారు. ప్రెట్జెల్ డాగ్ అన్నదాంట్లో సాసేజ్ ఉంటుంది, ఎక్కువగా గొడ్డు మాంసంది. అదే పటకారుతో మామూలువీ తీస్తుంటారు, పట్టింపు ఉంటే పటకారు మార్చమనండి. ఉప్పు మొత్తం రోజుకు 5 గ్రాముల లోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. "ఉప్పు వద్దు" అంటే చల్లకుండా ఇస్తారు, వెన్న కూడా అంతే. చీజ్ కప్పులో మళ్లీ ఉప్పేనని మర్చిపోకండి.

నిర్వాహకురాలు: ఆ చీజ్ గురించి ఇంకోమాట. అమెరికాలో దిగి సామాను తీసుకున్నాక, తర్వాతి ఫ్లైటుకు మళ్లీ సెక్యూరిటీ తనిఖీ ఉంటుంది. చీజ్, ఆవ సాస్ ద్రవాల లెక్కలోకే వస్తాయి, డబ్బా 100 మిల్లీలీటర్లు దాటితే తీసేస్తారు. మామూలు ప్రెట్జెల్‌ను మాత్రం ఆ తనిఖీలో ఆపరు. సాస్ ఈలోపే తినేయండి, ప్రెట్జెల్ చేతిలో పట్టుకుని వెళ్లండి.