ఆరు గంటల్లోపు

(లయన్స్ క్లబ్ కొత్త కార్యవర్గం ప్రమాణ స్వీకార సభలో, పదవి దిగుతున్న కార్యదర్శి ప్రసంగం)

సభకు నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకు, కొత్తగా బాధ్యత తీసుకుంటున్న అధ్యక్షులవారికి, ఎదురుగా ఉన్న అన్నలకు, అక్కలకు, వెనకాల వడ్డన ఏర్పాట్లు చూస్తున్న కుర్రాళ్ళకు కూడా.

కార్యదర్శి నివేదిక చదవమని నన్ను పిలిచారు. దాన్ని అచ్చు వేయించి మీ కుర్చీల్లోనే పెట్టాం. కొందరు దాంతో విసురుకుంటున్నారు కూడా. ఈ హాల్లో ఏసీ సంగతి అందరికీ తెలిసిందే, తప్పు పట్టను. అందులో ఉన్నది మళ్ళీ చదవను. అందులో రాయనిది కాసేపు చెబుతాను.

1917లో షికాగోలో మెల్విన్ జోన్స్ అనే బీమా వ్యాపారి, ఎప్పుడు కలిసినా మన వ్యాపారాల గురించేనా, ఊరి గురించి కూడా ఆలోచిద్దాం అని తోటివాళ్ళను కూడగట్టాడు. అది మన పుట్టుక. 1925లో ఒహాయో రాష్ట్రంలోని సీడార్ పాయింట్‌లో జరిగిన మహాసభకు హెలెన్ కెల్లర్ వచ్చారు. చూపూ వినికిడీ రెండూ లేని ఆవిడ, చూపులేనివాళ్ళ పక్షాన మీరు నిలబడండి అని అడిగారు. అప్పటి నుంచి కంటి పని మన ఇంటిపేరయింది. 1956లో బొంబాయిలో మొదలై ఈ క్లబ్బులు మన దేశంలో ఊరూరికీ పాకాయి.

పాత కంటి శిబిరాలు ఈ హాల్లో పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటాయి. బడికి సెలవిచ్చి, బెంచీలు బయట పెట్టి, గదుల్లో చాపలు పరిచేవాళ్ళు. ఆపరేషన్ అయినవాళ్ళు కళ్ళకు కట్లతో వరసగా పడుకునేవాళ్ళు. తర్వాత సోడాబుడ్డి కళ్ళద్దాలు. ఇప్పుడు ఆ పద్ధతి పోయింది, పోవడమే మంచిది. మనం ఊళ్ళో పరీక్షలు చేయించి, శుక్లాలున్నవాళ్ళను బస్సులో ఆసుపత్రికి తీసుకెళ్తాం. కంటిలోపలే లెన్సు పెట్టి పంపిస్తారు. ఈ పని బాగా జరుగుతోంది. బస్సు ఎక్కేముందు ఫోటో కూడా బాగానే వస్తోంది.

నా ఇబ్బంది ఫోటోతో కాదు, తేదీతో. మన పనులన్నిటికీ ముందే తేదీ ఉంటుంది. ఏప్రిల్లో చలివేంద్రం, మొన్నటిదాకా ఆగస్టులో రక్తదానం, ఆగస్టు 25 నుంచి సెప్టెంబరు 8 దాకా నేత్రదాన పక్షోత్సవాలు. మనకు వీలైన రోజున సేవ చేస్తాం. ఎదుటివాడి అవసరం మాత్రం మన క్యాలెండర్ చూసుకుని రాదు.

చలివేంద్రమే చూడండి. రిబ్బన్ కత్తిరించిన రోజు కుండల నిండా నీళ్ళు, పైన మజ్జిగ. నాలుగో రోజు మధ్యాహ్నం నేను అటు వెళ్తే కుండకు కట్టిన తడిగుడ్డ అప్పడంలా ఎండిపోయి ఉంది. పక్కన చెప్పులు కుట్టే తాత తన సీసాలోంచి ఎవరికో నీళ్ళు పోస్తున్నాడు. ఆ తర్వాత రోజుకిన్ని డబ్బులిచ్చి కుండలు నింపే బాధ్యత ఆయనకే అప్పజెప్పాం. ఆ వేసవిలో మళ్ళీ కుండ ఎండలేదు.

రక్తదానం కూడా అంతే. ఆగస్టు 15న మనమూ శిబిరం పెట్టేవాళ్ళం, పక్క క్లబ్బూ పెడుతుంది, కాలేజీలూ పెడతాయి. రక్తం ఒక్కసారిగా వచ్చి పడుతుంది. అందులోంచి తీసిన ప్లేట్‌లెట్లు మామూలుగా నిలవుండేది 5 రోజులు. ఆ రోజు రక్తమిచ్చిన మగవాళ్ళు మళ్ళీ ఇవ్వాలంటే 3 నెలలు, ఆడవాళ్ళయితే 4 నెలలు ఆగాలి. మే వచ్చేసరికి కాలేజీలకు సెలవులు, దాతలు దొరకరు. తలసీమియా అనే రక్తపు జబ్బు ఉన్న పిల్లలకు మాత్రం 2 నుంచి 4 వారాలకోసారి రక్తం ఎక్కించాల్సిందే, వాళ్ళకు వేసవి సెలవుల్లేవు. అందుకని పోయిన ఏడాది మన శిబిరాన్ని మే నెలకు మార్చాం. ముఖ్య అతిథి దొరకలేదు. రక్తం దొరికింది.

ఇక అసలు సంగతికి వస్తాను. మనవైపు జనం కంట్లో పొర అంటారు, కంట్లో పువ్వు అంటారు. రెండూ ఒకటి కావు. పొర అంటే శుక్లం, ఆపరేషన్‌తో పోతుంది. పువ్వు అంటే నల్లగుడ్డు మీద అద్దంలా ఉండే కార్నియా తెల్లబడటం. కోతల్లో వరి కంకి కంట్లో గీసుకుంటుంది. డాక్టరు దగ్గరికి వెళ్ళకుండా ఏదో ఆకుపసరు పిండుతారు. బూజు పట్టి పుండవుతుంది, మానినా మచ్చ మిగిలిపోతుంది. ఆ మచ్చ చూపుకు అడ్డమైతే చాలామందికి దారి ఒక్కటే, చనిపోయినవాళ్ళ కార్నియా తెచ్చి అతకడం. దాన్ని ప్రాణం పోయిన 6 గంటల్లోపు తీయాలి.

నాలుగేళ్ళ కిందట మనం ఊరంతా తిరిగి నేత్రదానానికి అంగీకార పత్రాలు రాయించాం. బీరువాలో రెండు ఫైళ్ళ నిండా ఉన్నాయి. అందరికంటే ముందు సంతకం పెట్టినాయన ఒక రిటైర్డ్ మాస్టారు. ఒక జనవరి రాత్రి తొమ్మిదింటికి ఆయన పోయారు. మర్నాడు పొద్దున తొమ్మిదింటికి నేను దండ పట్టుకుని వెళ్ళాను. ఆయన రాసుకునే బల్ల మీది అద్దం కింద మన ఫోన్ నంబరుతో అప్పుడిచ్చిన నేత్రదాన కార్డు కనిపించింది. నేను దాన్నే చూస్తుంటే మాస్టారి భార్య అన్నారు: "మా తమ్ముడు రాత్రే ఆ నంబరుకు చేశాడు బాబూ. మూడుసార్లు చేశాడు. లేదనే వచ్చింది."

ఆ నంబరు అప్పటి కార్యదర్శిది. ఆయన ఊరు మారారు, నంబరూ మారింది. మన క్లబ్బులో ప్రతి జూలై ఒకటికి కార్యదర్శి మారతాడు, ఆ కార్డేమో మనిషి బతికున్నంత కాలం దాచుకునేది. ఏడాది కూడా నిలవని నంబరును మనం ఇంటింటికీ పంచిపెట్టాం. పంచిన వాళ్ళలో నేనూ ఉన్నాను. దండ వేసి బయటికొచ్చాను గానీ, ఆ అమ్మకు ఏమని సమాధానం చెప్పాలో నాకు తోచలేదు.

ఆ వారమే ఒక బటన్ ఫోను, ఒక సిమ్ కొన్నాం. నంబరు క్లబ్బుది, మనిషిది కాదు. ఇంకో పని కూడా చేశాం. ఊళ్ళో ఎవరు పోయినా ముందు తెలిసేది బంధువులకు కాదు, ఫ్రీజర్ బాక్స్ తెచ్చే అబ్బాయికి. అతన్ని కూర్చోబెట్టి విషయం చెప్పాం. బాక్స్ దించాక ఇంట్లో పెద్దవాళ్ళెవరో చూసుకుని, నెమ్మదిగా ఒక్క మాట అడుగుతాడు. వాళ్ళు సరేనంటే మనకు ఫోన్ చేస్తాడు. పత్రాలు రాయించి మనమంతా కలిసి చేసినదాని కంటే ఆ అబ్బాయి ఒక్కడూ చేసిందే ఎక్కువ. కార్డు లేకపోయినా పరవాలేదు, ఆ సమయానికి ఇంట్లోవాళ్ళు ఒప్పుకుంటే చాలు. కార్డున్నా వాళ్ళు వద్దంటే జరగదు. కళ్ళజోడు పెట్టుకున్నవాళ్ళయినా, షుగరున్నా, శుక్లం ఆపరేషన్ అయినా ఇవ్వచ్చు.

మొన్న ఫాల్గుణంలో ఒక రాత్రి ఒకటీ నలభైకి ఆ ఫోను మోగింది. ఒక ముసలావిడ పోయారు. ముందు ఫోన్లోనే చెప్పాను: ఫ్యాన్ ఆపండి, గాలికి కన్ను ఎండిపోతుంది. రెప్పలు మూసి పైన తడి దూది పెట్టండి. తలకింద దిండు పెట్టండి. తర్వాత దానమిచ్చిన కళ్ళను సేకరించే ఐ బ్యాంకుకు ఫోన్ చేసి, బండి తీశాను. టెక్నీషియన్ వచ్చేలోగా మనవడు అడ్డం తిరిగాడు. కళ్ళు తీస్తే వచ్చే జన్మలో గుడ్డిగా పుడుతుందంటగా అన్నాడు. నేను నోరు విప్పేలోగా అరుగు మీదున్న పక్కింటి పెద్దావిడ అందుకుంది: "రేపు ఒళ్ళంతా కాల్చేస్తావు కదరా, మరి వచ్చే జన్మలో ఒళ్ళే లేకుండా పుడుతుందా?" అబ్బాయి మారు మాట్లాడలేదు.

పావుగంట, ఇరవై నిమిషాల పని. కార్నియాలు రెండూ తీశారు, పరీక్షకు కాస్త రక్తం తీసుకున్నారు, రెప్పలు మూశారు. ముఖంలో తేడా ఏమీ లేదు. కూతురు దగ్గరికొచ్చి చూసి, తల్లి నుదుటన చెరిగిన బొట్టు సరిచేసి, వెళ్ళి కూర్చుంది.

ఆ కళ్ళు ఎవరికి పెట్టారో మనకు చెప్పరు, చెప్పకూడదు కూడా. తీసిన కార్నియాల్లో కొన్ని అతకడానికి పనికిరావు. బాగాలేనివి పరిశోధనకో, డాక్టర్ల శిక్షణకో వెళ్తాయి. కాబట్టి నివేదికలో ఈ పద్దు కింద రాయడానికి పెద్దగా ఏమీ లేదు. ఫోటో అసలే లేదు.

కొత్త కార్యదర్శి గారూ, ఒకసారి ఇలా రండి. పిన్ను అధ్యక్షులవారు పెడతారు, నేను ఇవ్వాల్సింది ఇది. టెక్నీషియన్ నంబరు వెనకాల అతికించాను. రాత్రిళ్ళు సైలెంట్‌లో పెట్టకండి. ఊరెళ్తే ఎవరికిచ్చి వెళ్తున్నారో నా చెవిన వేయండి. ఛార్జరు పిన్ను కొంచెం వదులు, ఎడమకు వంచి పెడితేనే ఎక్కుతుంది.