రాగి కొన్నవాణ్ని అడిగే చట్టం కావాలి

(అనంతపురంలో రైతులు, పాత సామాన్ల వ్యాపారులు, యువ న్యాయవాదులు పాల్గొన్న సభలో చేసిన ప్రసంగం)

పెద్దలకు, రైతు సోదరులకు, గుజరీ అంగళ్లు నడుపుకునే అన్నలకు, నా జూనియర్ మిత్రులకు నమస్కారం.

మన జిల్లాలో బోరు కింద చీనీ తోట పెట్టిన రైతులకు నేను చెప్పబోయేది కొత్త కాదు. పొద్దున్నే మోటారు వేద్దామని పోతే స్టార్టర్ డబ్బాలో లైటు వెలగదు. దిమ్మె దగ్గరకు పోయి చూస్తే ట్రాన్స్‌ఫార్మర్ కింద పడేసి ఉంటుంది. మూత బోల్టులు విప్పేసి, ఆయిలంతా ఒలకబోసి ఉంటారు. ఎర్రనేల నల్లగా తడిసి జిడ్డు వాసన కొడుతుంటుంది. లోపలి ఇనుప రేకులు అక్కడే చెల్లాచెదురుగా పడి ఉంటాయి. వాటికి బరువెక్కువ, ధర తక్కువ. రాగి కాయిల్ మాత్రం కనబడదు. త్రీఫేజ్ కరెంటు ఎప్పుడు పోతుందో, ట్రాన్స్‌ఫార్మర్‌కు కరెంటు ఆపే ఏబీ స్విచ్ ఎట్లా దించాలో తెలిసినవాడు చేసిన పని అది.

ఒక్క చిన్న ట్రాన్స్‌ఫార్మర్ మీద మూడు నాలుగు బోర్లు ఆధారపడి ఉంటాయి. ఎండాకాలంలో అది పోతే ఆ మూడు నాలుగు కుటుంబాల తోటలూ ఒకేసారి వాడుముఖం పడతాయి. కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్‌ను పల్లెల్లో 48 గంటల్లో మార్చాలని విద్యుత్ నియంత్రణ మండలి ప్రమాణాలు చెబుతున్నాయి. దొంగలు పగలగొట్టినదాని కథ వేరు. ఫిర్యాదు, ఎఫ్ఐఆర్, పంచనామా, ఎస్టిమేట్ అని రైతు తిరుగుతూనే ఉంటాడు. చెట్టు అప్పటిదాకా ఆగదు కదా! దొంగ చేతికి వచ్చేది కొన్ని వేలు. ఊరికి జరిగే నష్టం దానికి ఎన్నో రెట్లు.

ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కటే కాదు. బోరు కేబుళ్లు, వీధి దీపాల తీగలు, తాగునీటి పైపులైన్ల మీది ఎయిర్ వాల్వులు, మురుగు కాలువల ఇనుప మూతలు, రైల్వే రాగి తీగలు, అన్నీ ఇదే దారిన పోతున్నాయి. రాగికి ఉన్న గుణమే దొంగకు కలిసొస్తోంది. ఎన్నిసార్లు కరిగించినా దాని విలువ పోదు. 2024 మే నెలలో లండన్ మార్కెట్‌లో టన్ను రాగి 10 వేల డాలర్లు దాటింది. అక్కడ ధర పెరిగితే ఆ వేడి ఇక్కడ మన దిమ్మెలకు తగులుతుంది.

చట్టాలు లేవా అని అడుగుతారు. చాలానే ఉన్నాయి. 2003 విద్యుత్ చట్టంలో 136వ సెక్షన్ ఉంది. కరెంటు తీగ గానీ సామగ్రి గానీ దొంగబుద్ధితో కోసుకుపోయినా, దగ్గర పెట్టుకున్నా, బండిలో వేసుకుని తరలించినా మూడేళ్ల దాకా జైలు. రెండోసారి దొరికితే ఆరు నెలలకు తగ్గకుండా ఐదేళ్ల దాకా శిక్ష, పైన కనీసం 10 వేల జరిమానా. 137వ సెక్షన్ కొన్నవాడి గురించే. దొంగసొత్తని తెలిసి గానీ, అలా అనుకోవడానికి కారణం ఉండి గానీ తీసుకుంటే వాడికీ మూడేళ్లు. 2007 సవరణ తర్వాత ఇవి బెయిలు హక్కుగా దొరకని నేరాలు. ప్రజా ఆస్తుల విధ్వంస నివారణ చట్టం 1984 నుంచీ ఉంది. నీరు, కరెంటు సరఫరాకు వాడే ఆస్తిని పాడుచేస్తే ఆరు నెలలకు తగ్గకుండా ఐదేళ్ల దాకా కఠిన శిక్ష వేయొచ్చు. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ప్రభుత్వ, స్థానిక సంస్థల ఆస్తి దొంగతనానికి ఏడేళ్ల దాకా శిక్ష పెట్టారు. దొంగసొత్తు వ్యాపారమే వృత్తిగా పెట్టుకున్నవాడికైతే యావజ్జీవం దాకా పోవచ్చు.

ఇన్ని ఉన్నా కేసు ఎందుకు నిలబడటం లేదు? కోర్టు హాల్లో జరిగేది చెబుతాను. పోలీసులు ఒక అంగట్లో ఇరవై కిలోల రాగి పట్టుకుంటారు. కాల్చి, చుట్టచుట్టిన తీగ. సాక్షి బోనులో రైతును నిలబెట్టి, 'ఇది మీ ట్రాన్స్‌ఫార్మర్‌లోదేనని ఎట్లా చెప్పగలవు?' అని డిఫెన్స్ లాయర్ అడుగుతాడు. ఆయన ఏం చెబుతాడు? దాని మీద పేరుందా, నంబరుందా? కరెంటు కంపెనీ ఇంజనీరును అడిగినా అదే పరిస్థితి. కేసు అక్కడే చచ్చిపోతుంది. డిఫెన్స్ లాయరుది తప్పని నేననను, ఆయన పని ఆయన చేశాడు. లోపం చట్టంలో ఉంది.

గుంతకల్లు మన జిల్లాలోనే ఉంది, అది రైల్వే డివిజన్ కేంద్రం. అక్కడ రైల్వే సొత్తు ఒకరి దగ్గర అనుమానాస్పదంగా దొరికితే లెక్క మారిపోతుంది. 1966 రైల్వే ఆస్తి చట్టం ప్రకారం అది సక్రమంగా వచ్చిందని నిరూపించుకోవాల్సింది దగ్గర పెట్టుకున్నవాడే. నిరూపించుకోలేకపోతే మొదటిసారే ఐదేళ్ల దాకా శిక్ష పడొచ్చు. టెలిగ్రాఫ్ తీగల కోసం 1950లోనే ఇలాంటి చట్టం తెచ్చారు, 2023లో దాన్ని రద్దు చేశారు. రైలు మీది తీగకు, తంతి తీగకు ఇచ్చిన ఆ రక్షణ రైతు దిమ్మె మీది రాగికి ఎందుకు లేదు? నా ప్రశ్న ఇదొక్కటే. ఈ సభకు నేను వచ్చిందే దీన్ని అడగడానికి.

అయితే దీన్ని గుడ్డిగా తెచ్చి అందరి నెత్తిన రుద్దితే అన్యాయం జరుగుతుంది. గుజరీ అన్నలు నాతో ఒక మాట అన్నారు: 'సార్, వోల్టేజీ హెచ్చుతగ్గులకు ఈ జిల్లాలో ఎన్ని మోటార్లు కాలిపోతాయో మీకు తెలుసు. వైండింగ్ షాపుల నుంచి కాలిన రాగి రోజూ వస్తుంది. అందులో ఏది మోటారుది, ఏది ట్రాన్స్‌ఫార్మర్‌ది, మేమెట్లా చెప్పేది?' న్యాయమైన ప్రశ్న. సక్రమంగా వచ్చే రాగి ఉంది కాబట్టే దొంగ రాగి దాని చాటున దాక్కుంటోంది. అందుకే సక్రమమైనదానికి కాగితం ఉండాలి. వైండింగ్ షాపువాడు ఏ రైతు మోటారు విప్పాడో, ఎన్ని కిలోల పాత తీగ తీశాడో ఒక చీటీ రాసిస్తే చాలు, కొన్న అంగడివాడికి అదే రక్షణ. చీటీ లేని రాగి కొన్నప్పుడే అతను జవాబు చెప్పాలి.

ఇంగ్లండు, వేల్సుల్లో రైల్వే కేబుళ్లు, చర్చి కప్పుల మీది సీసం రేకులు పోతుంటే 2013లో పాత లోహాల వ్యాపారుల చట్టం తెచ్చారు. లైసెన్సు లేనిదే వ్యాపారం చేయకూడదు. అమ్మేవాడి పేరు, చిరునామా సరిచూసుకోవాలి. రికార్డు మూడేళ్లు దాచాలి. అన్నింటికన్నా ముఖ్యం, నోట్లు ఇచ్చి కొనకూడదు. డబ్బు బ్యాంకు దారిలో పోతే పేరు దానంతట అదే నమోదవుతుంది. ఇంత దూరం పోనక్కర్లేదు, పక్కన తమిళనాడులో తుక్కు వ్యాపారులకు లైసెన్సు పెట్టే చట్టం 1985లోనే చేశారు. మన దగ్గర కూడా పునాది కొంత పడింది. రిజిస్ట్రేషన్ ఉన్న వ్యాపారి, రిజిస్ట్రేషన్ లేనివాడి దగ్గర లోహపు తుక్కు కొంటే జీఎస్టీ తానే కట్టాలన్న నిబంధన 2024 అక్టోబర్ 10 నుంచి వచ్చింది. అంటే ఆ కొనుగోలుకు ఆయన తనకు తానే బిల్లు రాసుకోవాలి. ఆ బిల్లుకు అమ్మినవాడి గుర్తింపు, బండి నంబరు కూడా జోడించమంటున్నాను.

పోలీసు వ్యవస్థ, రాష్ట్రంలో జరిగే వ్యాపారం, రెండూ రాజ్యాంగంలో రాష్ట్ర జాబితాలోనే ఉన్నాయి. కాబట్టి మన శాసనసభ తలుచుకుంటే చేయగల పని ఇది. ఒక చిక్కు మాత్రం ఉంది. రాయదుర్గం దాటితే బళ్లారి, హిందూపురం దాటితే బెంగళూరు దారి. ఇక్కడ కట్టుదిట్టం చేస్తే సరుకు రాత్రికి రాత్రే సరిహద్దు దాటుతుంది. కర్ణాటకతో మాట్లాడకుండా చేసే చట్టం సగం చట్టమే.

ఇంకొకరి గురించి చెప్పకపోతే నాకు మనసొప్పదు. పొద్దున్నే సంచి భుజాన వేసుకుని సీసాలు, అట్టలు, ఇనుప ముక్కలు ఏరుకునే ఆడవాళ్లున్నారు. వాళ్లను ఈ చట్టంలోకి లాగకూడదు. కాగితం, ప్లాస్టిక్, మామూలు ఇనుముకు నగదు నిషేధం వద్దు. రాగి, ఇత్తడి, కరెంటు అల్యూమినియం తీగ, ప్రభుత్వ గుర్తున్న పోత ఇనుప సామాను, వీటి వరకే కట్టడి చాలు. వంద రూపాయల తుక్కు అమ్మే తల్లిని స్టేషన్‌లో కూర్చోబెట్టి, టన్నుల లెక్కన కరిగించేవాణ్ని వదిలేసే చట్టమైతే అది నాకొద్దు.

చట్టం వచ్చేలోగా చేయగలిగింది కూడా ఉంది. కరెంటు కంపెనీ ఆయిల్ ట్యాంకు మీదే కాదు, లోపలి కాయిల్ మీద కూడా చెరగని గుర్తు వేయించాలి. మున్సిపాలిటీలు ట్రేడ్ లైసెన్సు రెన్యువల్ చేసేటప్పుడే రాగి కొనుగోళ్ల రిజిస్టరు షరతు పెట్టాలి. రైతులు తమ ట్రాన్స్‌ఫార్మర్ నేమ్‌ప్లేటును ఈ రోజే ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి, సీరియల్ నంబరు స్పష్టంగా పడాలి. జూనియర్ మిత్రులారా, ఫిర్యాదు రాసేటప్పుడు దొంగతనం అని ఒక్క మాట రాసి ఊరుకోకండి. 136తో పాటు 137 కూడా చేర్చమని రాయండి, ట్రాన్స్‌ఫార్మర్ సీరియల్ నంబరు అందులోకి ఎక్కించండి, సరుకు ఎవరు కొన్నారో విచారించమని విడిగా అడగండి. ముసాయిదా ఒకటి రాసి తెచ్చాను, బయట బల్ల మీద ఉంది. గుజరీ అన్నలు ముందు చదివి, ఏ నిబంధనతో వ్యాపారం నడవదో మార్జిన్‌లో రాసివ్వండి. మార్పులు చేశాకే ఎమ్మెల్యేల దగ్గరకు తీసుకెళ్దాం.