వదిలేసిన తర్వాత చేప సంగతి

అందరికీ నమస్కారం.

ఇక్కడున్నవాళ్లలో శృంగేరి వెళ్లొచ్చినవాళ్లు చాలామందే ఉంటారు. అమ్మవారి దర్శనం అయ్యాక తుంగ ఒడ్డున మెట్ల మీద కూర్చుని చేపలకు బొరుగులు వేసే ఉంటారు. గుప్పెడు బొరుగులు పడితే చాలు, నల్లటి వీపులు ఒకదాని మీద ఒకటి ఎక్కేస్తాయి. అక్కడి నుంచి పిల్లల్ని లేపడం మన తరం కాదు. ఆ గుంపులో మహశీర్లు ఉంటాయి, పెద్ద పొలుసుల నది చేపలు. అక్కడ ఎవరూ గాలం వేయరు. అది దేవుడి చేప.

ఆ తుంగే కూడ్లి దగ్గర భద్రతో కలిసి, హంపి దాటి, మంత్రాలయం మీదుగా మా కర్నూలుకు వస్తుంది. సంగమేశ్వరం దగ్గర కృష్ణలో కలుస్తుంది. నీళ్లు అవే. చేప మాత్రం గుడి మెట్లు దాటగానే ఒకడికి కూర, ఒకడికి డబ్బు, ఇంకొకడికి ఆట. ఆ మూడోవాడిగా నేను ఇరవై ఏళ్లు ఉన్నాను. గాలం కట్టిన రాడ్ పట్టుకుని నదులు తిరిగాను. అందుకే ఈ రోజు నన్ను మాట్లాడమన్నారు. పెద్ద చేపను చంపి ట్రోఫీగా తెచ్చుకోవడం తప్పు, పట్టి వదిలేయడం ఒప్పు అని చెప్పి కూర్చుంటే పని తేలిక. కానీ నాకు అంత తేలికగా కనిపించడం లేదు.

ముందు ట్రోఫీ సంగతి. 1946 మార్చిలో మైసూరు దగ్గర కబిని నదిలో వాన్ ఇంగెన్ కుటుంబానికి చెందిన ఒకాయన 120 పౌండ్ల మహశీర్‌ను పట్టాడు. అంటే 54 కిలోలు. మహశీర్‌లో ఇప్పటికీ అదే రికార్డుగా చెప్పుకుంటారు. ఆ కుటుంబం వృత్తి ఏమిటో తెలుసా? మహారాజులు, దొరలు కాల్చిన పులులను, చిరుతలను చెక్కుచెదరకుండా గోడకు తగిలించేలా తయారు చేయడం. పులి తల, అడవిదున్న కొమ్ములు, పెద్ద చేప, అన్నీ ఒకే గోడ మీదివి. పులిని గోడ మీద నుంచి దించడానికి మనకు 1972 నాటి చట్టం కావాల్సి వచ్చింది. చేప విషయంలో మనం అంత తొందరపడలేదు. చేపకు అరుపు లేదు. రెప్ప లేదు. చచ్చినా బతికినా ముఖం ఒకేలా ఉంటుంది.

పెద్ద చేపను చంపితే పోయేది ఒక్క చేప కాదు. ఇది అందరూ గట్టిగా తెలుసుకోవాలి. కాడ్ అనే సముద్రపు చేప మీద వేసిన లెక్క ఒకటి 2018లో వచ్చింది. 30 కిలోల ఆడ చేప ఒక్కటి పెట్టే గుడ్లు, రెండేసి కిలోల ఆడ చేపలు 28 కలిసి పెట్టే గుడ్ల కంటే ఎక్కువ. ఆ 28 చేపల బరువు కలిపితే 56 కిలోలు, అంటే దీనికి దాదాపు రెట్టింపు. అయినా ఈ ఒక్క తల్లితో సమానం కాలేవు. మహశీర్‌కు లెక్క కచ్చితంగా ఇదే అని నేను అనను. కానీ నిదానంగా పెరిగి, ఆలస్యంగా ఈడుకొచ్చే చేప ఇది. దీనిలో పెద్ద ఆడదాన్ని చంపడమంటే ఏళ్ల తరబడి నది దాచుకున్న విత్తనాల బస్తాను ఎత్తుకుపోవడమే. నది ఎప్పుడూ బలహీనమైనదాన్నే ముందు తీసుకుంటుంది. పులీ అంతే, మొసలీ అంతే. వెతికి వెతికి అన్నిటికంటే బలమైనదాన్ని తీసుకునేది ట్రోఫీ కోసం వచ్చిన మనిషి ఒక్కడే.

కాబట్టి ట్రోఫీ కోసం చంపడం మీద నాకు రెండో మాట లేదు. తప్పు.

ఇక వదిలేయడం. అమెరికాలో మిషిగన్ రాష్ట్రం 1952లోనే దీన్ని ఒక పద్ధతిగా మొదలుపెట్టింది. మన దక్షిణాదిలో కావేరి ఒడ్డున గలిబోరె, భీమేశ్వరి, దొడ్డమకళ్లి శిబిరాల్లో ఇది పేరు తెచ్చుకుంది. 1970ల చివర్లో ఇంగ్లండు నుంచి ముగ్గురు కుర్రాళ్లు వచ్చి, ఈ చేప ఇంకా బతికే ఉందని ప్రపంచానికి చూపించారు. తర్వాత ఏటా విదేశాల నుంచి జనం వచ్చేవారు. ఎర ఏమిటో చెబితే మన రాయలసీమవాళ్లు ఆశ్చర్యపోతారు. రాగి ముద్ద. ఉడకబెట్టి, గట్టిగా పిసికి, నిమ్మకాయంత ఉండ చేసి గాలానికి గుచ్చడమే.

ఈ శిబిరాలు చేసిన మేలు చిన్నది కాదు. అంతకుముందు ఆ మడుగుల్లో డైనమైట్ పేల్చేవారు. ఒక్క పేలుడుకి పెద్దా చిన్నా తేడా లేకుండా వెల్లకిలా తేలేవి. దొంగతనంగా చేపలు పట్టినవాళ్లలోనే కొందరు శిబిరాల్లో గైడ్లుగా, కాపలాదారులుగా చేరారు. ఏ రాయి కింద ఏ చేప ఉంటుందో తెలిసిన మనిషి కంటే మంచి కాపలాదారు ఎక్కడ దొరుకుతాడు? బతికున్న చేప వల్ల జీతం వస్తుందని తెలిశాక వాళ్లే రాత్రిళ్లు నది వెంట తిరిగారు. 2012 ప్రాంతంలో, అభయారణ్యంలో గాలం వేయడం కూడా వేటే అవుతుందని ఆ ఆటను ఆపేశారు. చట్టం ప్రకారం అందులో న్యాయం ఉంది. కానీ నది మీద కళ్లు కూడా ఆ రోజుతో తగ్గిపోయాయి. ఆ గైడ్ల ఇళ్లలో పొయ్యి ఎలా వెలుగుతుందన్నది ఆ నిర్ణయంలో ఎంత లెక్కకొచ్చిందో అని నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఇప్పుడు నా తప్పు చెబుతాను.

2006 ఫిబ్రవరి. కావేరి మీద ఒక శిబిరం. మూడు రోజులు ఏమీ తగల్లేదు. నాలుగో రోజు మధ్యాహ్నం రీలు ఒక్కసారిగా అరిచింది. దాదాపు నలభై నిమిషాలు. చేతులు వణికిపోయాయి. ఒడ్డుకు వచ్చేసరికి అది పక్కకు వాలిపోతోంది. బంగారు పొలుసులు, ఒక్కొక్కటి నా అరచేతిలో సగం. నేను దాన్ని రెండు చేతులతో ఎత్తాను. మొదటి ఫోటోలో నా కళ్లు మూసుకున్నాయి. మళ్లీ తీయమన్నాను. ఎండ ఎదురుగా ఉందని ఇటు తిరిగాను. మా స్నేహితుడు కూడా పక్కన నిలబడ్డాడు. గైడు కన్నడంలో, "సార్, నీళ్లు... నీళ్లు" అంటూనే ఉన్నాడు. నాకు కన్నడం బాగానే వచ్చు. వినిపించింది కూడా. "ఒక్క నిమిషం అన్నా" అన్నాను.

తర్వాత ఆయన మోకాలి లోతు నీళ్లలో నిలబడి, దాని తలను ప్రవాహానికి ఎదురు పెట్టి చాలాసేపు పట్టుకున్నాడు. చివరికి అది తోక ఆడించి వెళ్లిపోయింది. అందరం చప్పట్లు కొట్టాం. మర్నాడు పొద్దున, కింది మలుపులో, రెండు రాళ్ల మధ్య తేలి ఉంది. పెదవి మీద గాలం గుర్తు. ఆయన దాన్ని చూసి నన్ను ఏమీ అనలేదు. "ఇది మా పెద్దోడి వయసుది సార్" అన్నాడు. అంతే.

అప్పుడు తెలియనిది తర్వాత చదివి తెలుసుకున్నాను. గాలానికి తగిలిన చేప ప్రాణం పెట్టి గుంజుతుంది. ఆ గుంజులాటలో కండరాలకు ఆక్సిజన్ చాలదు. లాక్టిక్ యాసిడ్ పేరుకుంటుంది, రక్తం ఆమ్లంగా మారుతుంది. పరుగు పందెం అయిపోయిన మనిషికి అన్నిటికంటే ముందు కావాల్సింది గాలి. సరిగ్గా ఆ క్షణంలో మనం చేపను నీళ్లలోంచి పైకి తీస్తాం. మొప్పల్లోని సన్నటి పొరలు గాలిలో ఒకదానికొకటి అంటుకుపోతాయి. అంటే పరుగెత్తి వచ్చినవాడి ముక్కూ నోరూ మూసి ఫోటో దిగుతున్నాం. ఎండాకాలపు నీళ్లలో ఆక్సిజన్ ముందే తక్కువ. పైగా పొడి చేతులతో పట్టుకుంటే ఒంటి మీది జిగురు పోతుంది. ఆ జిగురే దానికి రోగాల నుంచి రక్ష. కావేరిలో నీలి రెక్కల మహశీర్ల మీద 2016లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం, గమనించిన చేపల్లో ఏదీ చావలేదు. కానీ గుంజులాట సమయం పెరిగే కొద్దీ వాటి ఒత్తిడి పెరిగింది. అందుకే "వదిలేస్తే చాలు" అనేవాళ్లతో గానీ, "వదిలినవన్నీ చస్తాయి" అనేవాళ్లతో గానీ నేను ఏకీభవించను. బతుకుతుందా లేదా అన్నది చాలావరకు ఆ రెండు మూడు నిమిషాల్లో మన చేతులు ఏం చేశాయన్నదాన్ని బట్టే ఉంటుంది.

మరి బతికితే మాత్రం దాన్ని హింసించినట్టు కాదా? చేపకు నొప్పి ఉండదని మాకు చిన్నప్పుడు చెప్పేవారు. రెయిన్‌బో ట్రౌట్ మూతి, తల భాగంలో నొప్పిని పసిగట్టే నాడులు ఉన్నాయని 2003లో బ్రిటన్ శాస్త్రవేత్తలు చూపించారు. మనిషి నొప్పీ చేప నొప్పీ ఒకటేనా అన్న వాదన ఇంకా నడుస్తోంది. నేను శాస్త్రవేత్తను కాను. కానీ నలభై నిమిషాలు ఆ తాడు అవతలి కొసన ఏం జరిగిందో నా చేతులకు తెలుసు. అది ఆడుకోవడం లేదు.

జర్మనీ చట్టం తగిన కారణం లేకుండా జంతువును బాధపెట్టకూడదు అంటుంది. తినడం తగిన కారణం. సరదా కాదు. కాబట్టి అక్కడ వదిలేయడం కోసమే పట్టడం తప్పు. స్విట్జర్లాండ్‌ది కూడా అదే దారి. ఒక దేశంలో పుణ్యం అనుకున్నది ఇంకో దేశంలో నేరం. మొదట ఇది చదివినప్పుడు వింతగా అనిపించింది. రాను రాను అందులో నిజాయితీ కనిపిస్తోంది. మా ఊరి బెస్తవాళ్లు పొద్దున్నే పుట్టి వేసుకుని వెళ్లి, నాలుగు చేపలు పట్టి, రెండు అమ్మి, రెండు వండుకుంటారు. చేపతో వాళ్ల లెక్క సూటిగా ఉంటుంది. వాళ్లను, నన్ను ఒకే గాటన కట్టి "చేపలు పట్టేవాళ్లు" అనకండి. వాళ్లకు నీతి బోధించే అర్హత నాలాంటివాడికి లేదు.

మత్స్యావతారం కథ అందరికీ తెలుసు కదా. కృతమాల నదిలో సత్యవ్రతుడు తర్పణం వదులుతుంటే దోసిట్లోకి చిన్న చేప వచ్చింది. ఆయన దాన్ని నీళ్లతో పాటు నదిలోకి వదిలేశాడు. మనం ఆ ముక్కను దాటేసి, చేప పెరిగి పెద్దదవడం దగ్గరికి వెళ్లిపోతాం. వదిలేయగానే ఆ చేప ఏమంది? నన్ను ఇలా వదిలేస్తావా, ఇక్కడ పెద్ద చేపలు నన్ను తినేస్తాయి, కాపాడు అంది. రాజు కమండలంలోకి తీసుకున్నాడు. చాల్లేదు. కుండ, కొలను, మడుగు, చివరికి సముద్రం దాకా దాని వెంట నడిచాడు. నాకు ఈ కథలో ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించేది ఆ నడకే.

ఎందుకంటే కావేరిలో మేమంతా వదిలేశాం, కానీ వెంట నడవలేదు. మహశీర్లు తగ్గుతున్నాయని లోనావాలా హేచరీలో నీలి రెక్కల మహశీర్ పిల్లలను పెంచి, ఎన్నో నదులకు పంచారు. కావేరిలోనూ వేశారు. మంచి మనసుతో చేసిన పనే. ఆ నీలి రెక్కల చేప మన కృష్ణ పరీవాహకానిది, 1839లో శాస్త్రానికి పరిచయమైంది పుణె దగ్గరి ములా ముఠా నది నుంచి. కావేరికి సొంత చేప వేరే ఉంది. నారింజ రెక్కలది, వీపు మీద మూపురం ఉన్నది, హంప్‌బ్యాక్ మహశీర్. ముందు చెప్పిన 1946 నాటి రికార్డు చేప కూడా ఈ జాతిదే. గలిబోరె శిబిరంలో 1998 నుంచి 2012 దాకా పట్టి వదిలిన చేపల లెక్కలను పరిశోధకులు తిరగేస్తే అసలు సంగతి బయటపడింది. మొత్తం చేపలు పెరిగాయి. కానీ పెరిగింది నీలి రెక్కలది. మూపురం చేపలు ఏటేటా తక్కువ తగిలాయి, తగిలిన ఒక్కొక్కటీ ఏటేటా ఇంకా పెద్దది. మేమేమో "ఈసారి ఎంత పెద్దది పడిందో" అని సంబరపడ్డాం. చిన్నవి లేవు, అంటే పిల్లలు పుట్టి పెరగడం లేదు అన్న మాట మాకు తట్టలేదు. ముసలివాళ్లు మాత్రమే మిగిలిన ఊరు అది.

దానికి సరైన శాస్త్రీయ నామం కూడా 2018లో గానీ తేలలేదు. టోర్ రెమాదేవి. అదే ఏడాది ఐయూసీఎన్ అనే అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ దాన్ని అత్యంత ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో చేర్చింది. మోయార్ నది లాంటి కొద్ది చోట్లే మిగిలింది. ఒక మాట ఒప్పుకోవాలి. ఆ లెక్కలు రాసి పెట్టుకున్నది గాలం వేసినవాళ్లే. ఆ పుస్తకం లేకపోతే ఈ చేప పోతోందని రుజువే ఉండేది కాదు.

అందుకని నా అభిప్రాయం ఇది. హంప్‌బ్యాక్ మీద ఆటగా గాలం వేయకూడదు. వదిలేసినా సరే. పరిశోధన కోసమైతే వేరే సంగతి. స్థానిక చేప బాగా ఉన్న నదిలో, గుడ్లు పెట్టే కాలం వదిలేసి, ఆ ఊరివాళ్లకు జీతం, నదికి కాపలా వచ్చే చోట పట్టి వదిలేయడాన్ని నేను వ్యతిరేకించను. కానీ కొసన వెనక్కి తిరిగిన ముల్లు తీసేసిన ఒంటి గాలం ఉండాలి. ముడుల్లేని వల ఉండాలి. చేపను నీళ్లలోంచి లేపకూడదు. ప్రతి చేపనూ, జాతి పేరుతో సహా, పుస్తకంలో రాయాలి. ఇవేవీ చేయలేనివాళ్లు సరదాగా కూర్చోవడానికి నది ఒడ్డు ఎలాగూ ఉంది.

నేను 2006 తర్వాత కొన్నేళ్లు రాడ్ ముట్టుకోలేదు. ఇప్పుడు తుంగభద్ర మీద ఏడాదికి రెండుసార్లు వెళ్తాను. ఎక్కువగా బెస్తవాళ్ల బుట్టల్లో ఏం పడిందో చూసి రాసుకుంటాను.

ఆ రోజు తీసిన ఫోటోల్లో ఒకటి తెచ్చాను. ఇన్నాళ్లూ ఎవరికీ చూపించలేదు. ముందు వరుస నుంచి అందుకుని చూడండి. నా ముఖం వైపు కాదు. మొప్ప చూడండి, ఎంత తెరుచుకుని ఉందో. కింద ఎడమ వైపు గైడు చెయ్యి సగం కనిపిస్తుంది. అది నీళ్ల వైపు చూపిస్తోంది.