ఛాసిస్ నంబర్, పెన్సిల్, డిసెంబరు కారు

బావ: నమస్కారమండీ. సెకండ్ హ్యాండ్ కారు కొనే ముందు ఛాసిస్ నంబర్, అదే విన్ అనే బండి గుర్తింపు నంబర్, ఎలా చదవాలో ఈ వారం చెబుతామన్నాం.

బామ్మర్ది: పెన్సిల్ తెచ్చావా బావా?

బావ: జేబులోనే ఉంది. ముందు నంబర్ సంగతి. మొత్తం 17 అక్షరాలు, అంకెలు. మొదటి మూడూ ఎవరు చేశారో చెబుతాయి. ఎంఏ3 మారుతి, ఎంఏటీ టాటా, ఎంఏఎల్ హ్యుందాయ్. చాలా కంపెనీల్లో పదోది సంవత్సరం. జె అయితే 2018, కె అయితే 2019.

బామ్మర్ది: నా కారు 2019 కారే. జనవరిలో రిజిస్ట్రేషన్ అయింది.

బావ: పదో అక్షరం?

బామ్మర్ది: జె.

బావ: మరింకేం, 2018 బండి.

బామ్మర్ది: షోరూంలో నిలబడి ఉన్న రోజులు కూడా లెక్కేనా? రోడ్డెక్కింది 2019లో కదా!

బావ: రేపు కొనేవాడు ఆర్సీలో తయారీ నెల చూసి రేటు కడతాడు. నీకు డిస్కౌంట్ ఇచ్చింది కూడా అందుకే.

బామ్మర్ది: పదేళ్ళు నేనే నడుపుకుంటే ఆ డిస్కౌంట్ నాకు మిగిలినట్టే.

బావ: పదేళ్ళయితే సరే. మూడేళ్ళకే అమ్మితే ఇచ్చినదంతా తిరిగి లాక్కుంటారు.

బామ్మర్ది: నేను అమ్మను. ఆ మాట వదిలెయ్.

బావ: వదిలేశా. పెన్సిల్...

బామ్మర్ది: నాన్న కారుకు ఆ పెన్సిల్ పని చేసుంటే బాగుండేది. పోయినేడు అమ్మబోతే ట్రాన్స్‌ఫర్ ఆగిపోయింది. బండి మీద సున్నా, ఆర్సీలో ఇంగ్లీషు ఓ. నెలన్నర ఆర్టీఓ ఆఫీసు చుట్టూ తిరిగారు. పొద్దున్నే బస్సెక్కి వెళ్ళి, సాయంత్రం దాకా ఆ బెంచీ మీదే.

బావ: అయ్యో, నాతో ఒక్కమాట అనలేదే! ఈ నంబర్లో ఐ, ఓ, క్యూ అసలు వాడరు. ఒకటితో, సున్నాతో పొరబడతారని. ఆర్సీలో ఓ ఉందంటే అది టైపు తప్పే.

బామ్మర్ది: ఆ ఒక్క ముక్క అప్పుడు తెలిస్తే చాలేది.

బావ: ...అందుకే నేను పెన్సిల్ వదలను. నంబర్ మీద పల్చటి కాగితం పెట్టి రుద్దితే, కొట్టిన అంకె కొట్టినట్టు దిగుతుంది. గ్రైండింగ్ చేసి మళ్ళీ కొట్టి ఉంటే ఆ గీతలూ దిగుతాయి. ఆ కాగితాన్ని ఆర్సీ పక్కన పెట్టుకుని ఒక్కో అక్షరమే చూడాలి.

బామ్మర్ది: నా బండికి ఎప్పుడూ చూడలేదు.

బావ: ఎక్కడ కొట్టారు?

బామ్మర్ది: ముందు సీటు కిందనుకుంటా, మ్యాట్ ఎత్తాలి.

బావ: తాళాలియ్యి. టార్చ్ కూడా పట్టుకురా.