థొరాంగ్ లా కనుమ: అక్టోబరు ఆకాశాన్ని నమ్మే ముందు

సభకు నమస్కారం.

విశాఖ వాసులకు 2014 అక్టోబరు 12 గురించి నేను గుర్తుచేయనక్కరలేదు. ఆ రోజు ఇక్కడ తీరం దాటిన హుద్‌హుద్ బలహీనపడుతూ ఛత్తీస్‌గఢ్, ఉత్తరప్రదేశ్‌ల మీదుగా సాగి, పశ్చిమ గాలుల ద్రోణితో కలిసి, 14వ తేదీన నేపాల్‌లోని అన్నపూర్ణ, ధవళగిరి ప్రాంతాల్లో మంచు తుఫానుగా విరుచుకుపడింది. కనీసం 43 మంది చనిపోయారు. వారిలో విదేశీ యాత్రికులే కాదు, నేపాలీ గైడ్లు, సామాను మోసే కూలీలు, యాక్‌ల కాపరులు కూడా ఉన్నారు. అన్నపూర్ణ పర్వతాలను చుట్టివచ్చే నడకబాట అన్నపూర్ణ సర్క్యూట్‌కు సిద్ధమవుతున్న మీరు మొదట తెలుసుకోవలసింది, మన తీరానికీ ఆ బాటలోని థొరాంగ్ లా కనుమకూ మధ్య దూరం తుఫానుకు రెండే రోజులని.

ఈ బాటకు అక్టోబరు, నవంబరు మంచి నెలలన్న మాట నిజమే. వర్షాకాలంలో మార్స్యాంగ్డి లోయలో కొండచరియలు విరిగిపడతాయి, జలగల బెడద సరేసరి. నడి చలికాలంలో 5,416 మీటర్ల ఎత్తున్న థొరాంగ్ లా తరచు మంచుతో మూసుకుపోతుంది. అయితే ఆ మంచి నెలలే బంగాళాఖాతంలో తుఫానుల కాలం కూడా. అందుచేత కనుమకు ముందున్న మనాంగ్ ఊళ్లో ఆగినప్పుడు పైనున్న నీలాకాశాన్ని చూసి నిశ్చింతగా ఉండకుండా, బంగాళాఖాతంలో అల్పపీడనమేదైనా ఉందేమో వాతావరణ శాఖ బులెటిన్‌లో చూడండి.

కనుమ దాటే రోజున తెల్లవారకముందే బయలుదేరడం ఆనవాయితీ, ఎందుకంటే పొద్దెక్కేకొద్దీ అక్కడ గాలి విపరీతమవుతుంది. అటువైపు ముక్తినాథ్‌కు, అంటే మన వైష్ణవులు దివ్యదేశంగా కొలిచే క్షేత్రానికి, దాదాపు 1,600 మీటర్ల దిగుడు. 2014లో ఎందరో చిక్కుకుపోయింది ఈ దిగుడులోనే. నేలా ఆకాశమూ ఒకే తెలుపైపోయి, దారి చూపే గుంజలు కనబడక, నడుములోతు మంచులో దిక్కు తోచక తిరిగారు. మంచు కురవడం మొదలైతే కింది బసలోనే ఆగిపోవాలి. పైకి వెళ్లాక దారి వెతుక్కుందామనుకోవడం ప్రాణాంతకం.

ఎత్తుకు వెళ్లేకొద్దీ ప్రాణవాయువు తగ్గి వచ్చే జబ్బు ప్రమాదం మంచి వాతావరణంలోనూ తప్పదు. మూడు వేల మీటర్లు దాటాక నిద్రించే చోటు ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదు, మూడు నాలుగు రోజులకొకసారి పూర్తి విశ్రాంతి కావాలి. తలనొప్పితో పాటు వికారం ఉంటే అంతకుమించి ఎక్కవద్దు. కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, మడమ ముందు మడమ పెట్టి గీత మీద నడవమంటే తూలుతున్నా, అర్ధరాత్రయినా సరే తోడుతో కిందికి దించాలి. మాత్ర వేసి తెల్లవారేదాకా చూద్దామనడానికి అది సమయం కాదు.

తిరుగు టిక్కెట్టుకు ముందు కనీసం రెండు రోజులు ఖాళీగా ఉంచుకోండి. విమానం తప్పిపోతుందన్న తొందరే మనిషిని చెడు వాతావరణంలో కనుమ ఎక్కిస్తుంది. మరొక్క మాట: మీ సామాను మోసే మనిషికి మంచులో నిలిచే బూట్లు, చేతి తొడుగులు, నల్లద్దాలు, వెచ్చని కోటు ఉన్నాయో లేదో కనుమ కింద కాదు, బేసిసహర్‌లో బయలుదేరే ముందే చూడండి. లేకపోతే కొనివ్వండి.