గర్జన కన్నా ముందు అడుగు వినండి

మిత్రులకు నమస్కారం.

ఈ బల్ల మీద ఉన్న సామానంతా మీ ఇళ్ళలో దొరికేదే. రెండు ఎండు కొబ్బరి చిప్పలు, ఒక జత తోలు చేతితొడుగులు, పాత గొడుగు, ఒక పళ్లెంలో ఎర్రమట్టి, ఇంకో పళ్లెంలో కంకర. సినిమాల్లో మీరు విన్న గుర్రాలు, పావురాలు, కుక్కలు చాలావరకు ఇలాంటి బల్ల మీదే పుట్టాయి. ఇలా సామానుతో సినిమాకు చప్పుళ్ళు చేసే ఈ పనిని ఫోలీ అంటాం. హాలీవుడ్‌లో యూనివర్సల్ స్టూడియోలో పనిచేసిన జాక్ ఫోలీ పేరే దానికి స్థిరపడింది. 1929 ప్రాంతంలో, మాటలు లేకుండా తీసిన సినిమాకు శబ్దం చేర్చవలసి వచ్చినప్పుడు, తెర మీద బొమ్మ ఆడుతుండగా దానికి తగ్గట్టు చప్పుళ్ళు చేసి రికార్డు చేశారు. నేటికీ పద్ధతి అదే.

అసలు జంతువు చప్పుడే రికార్డు చేయవచ్చు కదా అని మీకు అనిపిస్తుంది. షూటింగులో గుర్రం పరుగెత్తుతుంటే మైకుకు అందేది జనరేటర్ హోరు, శిక్షకుడి కేకలు. పైగా మన సినిమాల్లో మాటలు తర్వాత డబ్బింగ్ చెప్పించడం మామూలే. అక్కడ రికార్డయిన మాటలను పక్కన పెట్టగానే వాటితోపాటు డెక్కల చప్పుడూ పోతుంది. ఇక పులులు, సింహాలు, ఎలుగుబంట్ల సంగతి. వాటిని ఆడించడం మన చట్టం నిషేధించింది. అది చాలా మంచి పని. ఆ నోరులేని జీవాలను కొట్టి లొంగదీసి మనకు వినోదం పంచనక్కరలేదు. అందుకే ఇప్పుడు తెర మీద పులి కంప్యూటర్‌లో తయారవుతోంది. ఆ పులికి బరువు ఉండదు. బరువు ఇవ్వవలసింది మేమే.

ముందు గుర్రం. కొబ్బరి చిప్పలు రెండూ తాటిస్తే గుర్రమైపోదు. బోలు చిప్ప డొల్లగా మోగుతుంది. లోపల కాస్త గుడ్డ కుక్కితే ఆ డొల్లతనం తగ్గి, పైన మనిషిని మోస్తున్న గుర్రం వినిపిస్తుంది. ఆ తర్వాత లెక్క. గుర్రం నడిస్తే నాలుగు కాళ్ళూ విడివిడిగా పడతాయి, నాలుగు దెబ్బలు. దుడుకుడుకుమని వెళ్ళేటప్పుడు ఎదురెదురు మూలల కాళ్ళు జతగా పడతాయి, రెండే దెబ్బలు. ఇంకాస్త వేగం పెంచితే మూడు. పూర్తి దౌడులో మళ్ళీ నాలుగు, ఆ వెంటనే నాలుగు కాళ్ళూ గాలిలో ఉండే ఒక క్షణం నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం తప్పిపోతే గుర్రాన్ని ఎరిగినవాడు ఇట్టే పట్టేస్తాడు.

నన్ను అలా పట్టుకున్నది ఒక పెద్దాయన. ఎడ్లబండి సన్నివేశానికి ఇవే చిప్పలు వాడాను. చూడటానికి వచ్చిన ఒక రైతు, "బాబూ, ఇది గుర్రం నడక. ఎద్దు గిట్ట చీలి ఉంటుంది కదా!" అన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. మర్నాడు ఆయన ఊరు వెళ్ళి రోజంతా బండి వెనకే నడిచాను. మట్టిలో ఎద్దు అడుగు ఒక్క దెబ్బగా పడదు. గిట్ట రెండు పాయలూ కాస్త విచ్చుకుని, మెత్తగా దిగి, లేచేటప్పుడు మట్టిని చిన్నగా చిమ్ముతుంది. తారురోడ్డు ఎక్కగానే లాడాల ఇనుము పలుకుతుంది. తిరిగి వచ్చి, చిన్న చెక్కముక్కలు రెండు గుడ్డతో వదులుగా కట్టి, ఎర్రమట్టిలో అదిమి తీశాను. అప్పుడు ఎద్దు నడిచింది.

మిగతావి త్వరగా చూపిస్తాను. తొడుగులు రెండూ చేతబట్టి టపటపలాడిస్తే పావురం. గొడుగును చప్పున తెరిచి మూస్తే పెద్ద రెక్కల పక్షి. తొడుగు వేళ్ళకు కాగితం క్లిప్పులు అంటించి గచ్చు మీద మునివేళ్ళతో నడిపిస్తే కుక్క గోళ్ళు. 'జురాసిక్ పార్క్'లో డైనోసార్ గుడ్డు పగిలే చప్పుడుకు ఐస్‌క్రీం కోన్ నలిపారు.

గర్జన గురించి కూడా అడుగుతారని తెలుసు. 1954లో జపాన్‌లో గాడ్జిల్లా అరుపు కోసం సంగీత దర్శకుడు అకిరా ఇఫుకుబే, జిగురు పట్టించిన తోలు తొడుగుతో డబుల్ బేస్ వాద్యం తీగను వదులు చేసి రుద్దించారు. ఆ శబ్దాన్ని నెమ్మదిగా నడిపితే రాక్షసబల్లి గొంతు వచ్చింది. డోలు చర్మం మధ్యలోంచి తాడు బిగించి, జిగురు గుడ్డతో ఆ తాడును లాగితే సింహంలా గర్జించే వాద్యం కూడా ఒకటి ఉంది. దాన్ని మొదటిసారి చూసినప్పుడు నాకు బైండ్లవారి జమిడిక గుర్తుకొచ్చింది. అందులోనూ చర్మంలోంచి తీగ వస్తుంది. వారు దాన్ని మీటుతూ, బిగువు మారుస్తూ ఎల్లమ్మ కథ పలికిస్తారు. ఆ గాయకుల ముందు కూర్చుని నేర్చుకోవలసింది మనకు చాలా ఉంది.

అయితే గర్జన ఒక్కసారి వస్తుంది, అడుగు సన్నివేశమంతా వినిపిస్తుంది. అందుకే మీతో ఈ రోజు అరుపులు చేయించను. ఇద్దరిద్దరు రండి. ఒకరు కొబ్బరి చిప్పలు పట్టండి, మరొకరు మట్టి పళ్లెం సర్దండి. నడకతో మొదలుపెడదాం, నాలుగు దెబ్బలు. తొందరపడకండి, గుర్రం దాహంగా ఉంది, నీళ్ళ తొట్టి దగ్గరకే వెళుతోంది.